ఏరుల జన్మమా, ఏఱుల జన్మమా?

మల్కాజిగిరి మనవరాలు:
అందరికీ నమస్కారం. మా తాతయ్య (నాన్నగారి నాన్న) రాసిపెట్టిన వంశవృక్షం నోటుబుక్కు ఈమధ్యే నా చేతికొచ్చింది. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ ఊరి పిల్లని చేసుకున్నారు, ఎవరు ఇల్లరికం వెళ్ళారు, అన్నీ పొందిగ్గా రాశారు. తాతయ్యకి తాత దగ్గరికొచ్చేసరికి మాత్రం పైన పేరు లేదు. ఒక గీత గీసి, కింద ఈ ముక్క: “...శూరుల జన్మంబు నే-ల జన్మంబు నెఱుఁగ నగునె”. నడుమ అక్షరాన్ని పురుగు కొట్టేసింది. కొమ్ము, కింది వంపు మిగిలాయి. అది ‘రు’నా, ‘ఱు’నా? పద్యం చిన్నప్పుడు తాతయ్య నోట విన్నదే, ఎత్తుగడ గుర్తు రావట్లేదు. ఆయన తాత దత్తు వచ్చినవాడని ఇంట్లో అంటారు, ఎక్కణ్ణుంచో ఎవరూ చెప్పరు. అందుకే ఆ ఒక్క అక్షరం మీద నాకింత పట్టుదల.

బండిర ప్రియుడు:
అమ్మా, నన్నయగారి భారతం, ఆదిపర్వం. “సురలజన్మంబును శూరులజన్మంబు నేఱులజన్మంబు నెఱుఁగ నగునె”. కర్ణుణ్ణి భీముడు ఎత్తిపొడిస్తే దుర్యోధనుడు అందుకునే సీసం. అనుమానమే లేదు, శకటరేఫమే (ఱ, అంటే బండిరా). ఏఱు అంటే నది. తమిళంలో ‘ఆఱు’ చూడండి, అక్కడా బండిరాయే. సాధురేఫతో (మామూలు ‘ర’తో) రాస్తే అది ఎడ్లు కట్టిన నాగలి, ఏరువాకలోని ఏరు. నాగళ్ళ పుట్టుకతో దుర్యోధనుడికేం పని?

నల్లకుంట మాస్టారు:
నది అనడానికి తమిళం దాకా ఎందుకండీ, వ్యాసుడే ఉన్నాడు. “శూరాణాం చ నదీనాం చ ప్రభవా దుర్విదాః కిల”. అసలు చూడాల్సింది ‘సురల’ని. మూలంలో శూరులూ నదులూ రెండే. సురల్ని నన్నయగారు తెచ్చి కూర్చోబెట్టారు. సు-శూ యతి కోసం అని తేల్చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ముందు కుమారస్వామి పుట్టుక ప్రస్తావన రాబోతోంది: అగ్ని కొడుకా, కృత్తికల కొడుకా, రుద్రుడి కొడుకా, గంగ కొడుకా అని. దానికి ఇక్కడే చాప పరిచారు. అక్షరరమ్యత అంటే చెవికి ఇంపుగా ఉండడమొక్కటే కాదని నేను ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది ఇందుకే.

మున్నేటి ఒడ్డు:
అక్కా, ఛందస్సు నీకు సాయం రాదు. నేరుల అన్నా నేఱుల అన్నా భగణమే. యతి నే-నె దగ్గర. సీసానికి ప్రాస నియమం లేదు, కాబట్టి ర, ఱ దొరికిపోయే చోటే లేదు. నన్నయ్య ఏం రాసిండన్నది వేరే ముచ్చట, మీ తాత ఏం రాసిండన్నది వేరే ముచ్చట. మా తాతల కాలానికే బండిరాని చేత్తో రాసేటోళ్ళు తక్కువ.

బండిర ప్రియుడు:
తమ్ముడూ, అదే పాదంలో ‘నెఱుఁగ’ చూడు. బండిరా, అరసున్నా రెండూ నిలబెట్టుకున్న పెద్దమనిషి నాలుగక్షరాల ముందు ఏఱుని వదిలేస్తాడా? మనవరాలుగారూ, నోటుబుక్కులో నిజంగానే అలా ఉందా, మీరు టైపు చేసినప్పుడు వచ్చిందా?

మల్కాజిగిరి మనవరాలు:
నిజంగానే ఉందండి. అరసున్న ఎంత చిన్నగా ఉందంటే మొదట సిరా చుక్క అనుకున్నాను.

మున్నేటి ఒడ్డు:
అట్లయితే నా మాటకే బలం. అంత పట్టింపున్న మనిషి అక్కడ సాధురేఫ రాస్తే అది పొరపాటు కాదు, కావాలని రాసినట్టు. “ఏరుల జన్మంబు”, నాగలి పట్టినోళ్ళ పుట్టుక. దత్తు వచ్చిన పిలగాడు పాలేరు కొడుకేమో! పాలేరు మాటే పాలు + ఏరు అని నా నమ్మకం. పంటలో పాలు తీసుకొని ఏరు కట్టేటోడు.

నల్లకుంట మాస్టారు:
పాలేరు వ్యుత్పత్తి అంత తేలిగ్గా తేలదు నాయనా. మీ ఖమ్మం జిల్లాలోనే పాలేరు అని నది ఉంది. ఆ పాలేరులోది ఏఱు. ఉచ్చారణ ఒకటయ్యాక ఏది నదో ఏది నాగలో మాటను బట్టి చెప్పలేం, సందర్భాన్ని బట్టి చెప్పాలి. మనవరాలుగారూ, తలకట్టు చూడండి. ‘రు’కి తలకట్టు ఉంటుంది, ‘ఱు’కి ఉండదు.

మల్కాజిగిరి మనవరాలు:
తలకట్టు ఉండాల్సిన చోటే రంధ్రం, మాస్టారూ. ఆవగింజంత. అట్టదాకా దిగింది. వెనక నాలుగు పేజీల్లో అదే చోట అదే రంధ్రం.

దఫ్తరు దారి:
చెల్లెమ్మా, మీది ఖమ్మం వైపయితే ఒక మాట. ఆ జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. అంతకుముందు కాగితాలు వరంగల్ పేరు మీదే వెతకాలి. 1954-55 ఖాస్రా పహాణీతో (భూముల రికార్డు) మొదలుపెట్టి వెనక్కి నడవండి. ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: 1315 ఫస్లీ అంటే 1905-06. తార్నాకలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి. పేరు పక్కన ‘వల్ద్’ అంటే ఫలానావాడి కొడుకు, ‘ముతబన్నా’ అంటే దత్తుడు. ఆ రెండో మాట కనిపిస్తే వదలకండి. ర-ఱ పేచీ మాత్రం అక్కడ తీరదు. మన రెండు ‘ర’లకీ వాళ్ళు రాసేది ఒకటే ‘రే’. పైగా ఆ లిపిలో ఏరుని ఈరు అనీ చదవొచ్చు.

మల్కాజిగిరి మనవరాలు:
వల్ద్, ముతబన్నా రెండూ చీటీ మీద రాసుకున్నాను అన్నయ్యా. డీఎన్‌ఏ సంగతి కూడా చెప్తాను. వై క్రోమోజోమ్ నాకుండదు కాబట్టి తమ్ముడి ఉమ్మి పంపించాం. తండ్రి నుంచి కొడుక్కి దిగేది అదే. తర్పణాల్లో మేం చెప్పే గోత్రం దత్తు తీసుకున్నవారిది, తమ్ముడి ఒంట్లో ఉన్నది కన్నవారిది. కన్నవారి వైపు మగవాళ్ళు కూడా పరీక్ష చేయించుకుంటే తప్ప జత దొరకదు. తక్కిన క్రోమోజోముల్లో తాతయ్య తాత వాటా నాకు సగటున పదహారో వంతే. మా ఇంట్లో మేనరికాలు ఎక్కువ, ఒకే పెద్దవాళ్ళ అంశ రెండు మూడు దారుల్లో దిగింది. అందుకని దూరపు చుట్టాన్ని కూడా ఆ రిపోర్టు దగ్గరి చుట్టంగా చూపిస్తోంది.

దఫ్తరు దారి:
మేనరికాల మాటకొస్తే, ఆర్కైవ్స్ నుంచి కాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం). అక్కడి శాస్త్రవేత్తలు కూడా కలిసి చేసిన 2009 నాటి పరిశోధనలో 25 సమూహాల నుంచి 132 మంది నమూనాలు చూశారు. మన సమూహాలు చాలావరకు వేల ఏళ్ళుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయని తేలింది. నాలుగు తరాల కిందటి మనిషిని పట్టుకోవాలంటే మాత్రం కాగితమూ కావాలి, ఉమ్మీ కావాలి.

బండిర ప్రియుడు:
తల్లి వైపు దిగేది మైటోకాండ్రియా కదా. ఆ లెక్కన కర్ణుడికీ ధర్మరాజుకీ భీముడికీ అర్జునుడికీ అది ఒకటే. నకుల సహదేవులకి వేరు. ఆ రంగస్థలం మీద కర్ణుణ్ణి పుట్టుక అడుగుతున్న భీముడి ఒంట్లోనే జవాబుంది. ఆ సీసం చదివినప్పుడల్లా ఇదే తలుచుకుంటాను.

నల్లకుంట మాస్టారు:
ఆ జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి కుంతి అక్కడే కూర్చుని ఉంది, అంతకుముందే మూర్ఛపోయి తేరుకుంది. ‘ఎఱుఁగ నగునె’ అన్న ప్రశ్న ఆమె చెవిన కూడా పడుతోందని మరిచిపోకూడదు. ‘నగునె’ అంటే సాధ్యమా అనా, తగునా అనా? నా మటుకు తగునా అనే. తెలుసుకోవడం కుదరదని కాదు, అడగడం మర్యాద కాదని.

బండిర ప్రియుడు:
మాస్టారూ, మూలంలో ‘దుర్విదాః’ ఉండగా తగునా అని ఎలా అంటారు? తెలియడం కష్టమనే గదా!

నల్లకుంట మాస్టారు:
నన్నయ అనువాదకుడైతే మీ మాట సరే. నా దృష్టిలో కాదు.

మున్నేటి ఒడ్డు:
అక్కా, మీ తాత పాలేరు నది పక్క ఊళ్ళోనా పుట్టింది?

మల్కాజిగిరి మనవరాలు:
అవును తమ్ముడూ. ఇంటి వెనకే ఏరు. ఇంటి ముందు, తాతయ్య చివరిదాకా అమ్మనివ్వని నాగలి.