మోకాళ్ల ఆపరేషన్ సక్సెస్ అని ఎవరు చెప్పాలి? డాక్టరా, పేషెంటా?

తెనాలి పిల్లోడు:
అమ్మకు రెండు మోకాలి చిప్పలూ మార్పించి ఎనిమిది నెలలైంది. మొన్న డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఫస్ట్ క్లాస్! 115 డిగ్రీలు వంగుతోంది" అని తెగ సంబరపడ్డారు. బయటికొచ్చాక అమ్మేమో "ఏం లాభంరా, శ్రావణ శుక్రవారం పీట మీద కూర్చోలేకపోయా" అంది. ఎవరి మాట లెక్క?

ఎముకల డాక్టర్:
రెండూ లెక్కే, కానీ ముందు మాది. ఇన్‌ఫెక్షన్ రాకూడదు, ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) వదులవకూడదు, కాలి వంకర పోవాలి. ఇవి కుదరకపోతే మళ్లీ కోయాల్సి వస్తుంది. 115తో కుర్చీలోంచి లేస్తారు, మెట్లెక్కుతారు. గొంతుక్కూర్చోవాలంటే 130 దాకా వంగాలి. అంత వంగుతుందని మేం మాటివ్వలేం.

ఫిజియో అక్క:
ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్తున్నారా సార్? గొడవంతా అక్కడే. కెనడాలోని ఒంటారియోలో 1,700 మందికి పైగా పేషెంట్లను అడిగితే 19 శాతం మంది తృప్తి లేదన్నారు. 2010లో అచ్చయింది. అనుకున్నది జరగలేదన్న వాళ్లలోనే ఆ అసంతృప్తి బాగా ఎక్కువ. ఆపరేషన్ ఎంత బాగా కుదిరిందో కొలవడానికి మార్కులుంటాయి. 1989 నాటి 'నీ (knee, అంటే మోకాలు) సొసైటీ స్కోరు' డాక్టరు వేసే మార్కు. 1998లో వచ్చిన 'ఆక్స్‌ఫర్డ్ నీ స్కోరు' పేషెంటే నింపాలి. 12 ప్రశ్నలు, ఇప్పుడు 48 మార్కులకు. రాత్రి నొప్పి, సరుకులు తెచ్చుకోవడం, మోకాళ్ల మీద వంగి లేవడం, అన్నీ అడుగుతారు. బాసింపట్టు మాత్రం లేదు. ఇంగ్లండు వాళ్లకు ఆ అవసరమేముంది!

రిటైర్డ్ మాస్టారు:
నేనూ ఒక కాలికి చేయించుకున్నా. నేల మీద కూర్చోలేను, కుట్ల పక్కన చర్మం ఇంకా మొద్దుగానే ఉంది. అయినా మూడేళ్లలో మొదటిసారి రాత్రంతా నిద్రపోయా. స్టూలు మీద కూర్చుని వ్రతం చేస్తే అమ్మవారు వద్దంటుందా?

తెనాలి పిల్లోడు:
మాస్టారూ, ఆ మాట మీరంటే బాగుంటుంది. నేనంటే నాకు అన్నం పుట్టదు.

ఎముకల డాక్టర్:
ఫిజియో గారూ, ఒప్పుకుంటున్నా. ఓపీ రద్దీలో "హాయిగా నడుస్తారు" అనేసి పంపిస్తాం, ఎలా కూర్చోవాలో చెప్పం. కానీ నొప్పి తగ్గాక పాత నొప్పి గుర్తుండదు, కోరికలు పెరుగుతాయి. దానికీ నా మార్కులే కోస్తే ఎలా?

తెనాలి పిల్లోడు:
ఇప్పుడే అమ్మను అడిగా, ఆపరేషన్‌కి ముందు వీధి చివరిదాకా నడిచేదానివా అని. "అది వేరే సంగతి" అంది.