పీఎస్5 కొనాలా, అక్క కొడుకు ఎక్స్‌బాక్స్ తీసుకోవాలా? ఓడిపోయే కంపెనీది కొంటే డబ్బు దండగ అంటున్నారు

గ్రీమ్స్‌పేట నాన్న:

అందరికీ నమస్తే. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో నాది చిన్న ప్రింటింగ్ షాపు. ఇంటర్‌లో మంచి మార్కులొస్తే గేమ్ మెషీన్ కొనిస్తానని రెండేళ్ల కిందట మావాడి దగ్గర నోరు జారాను. మర్చిపోతాడులే అనుకున్నా. మార్కులొచ్చిన రోజే మెమో తెచ్చి, నేను అన్నం తింటుంటే కంచం పక్కన పెట్టాడు.

చీటీ పాడితే 50 వేల దాకా చేతికొస్తుంది. వాడికి సోనీ వాళ్ళ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కావాలి. బెంగళూరులో ఉన్న మా అక్క కొడుకేమో తన దగ్గరున్న మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఇచ్చేస్తానంటున్నాడు, "మామా, నీకైతే 18 వేలే" అని. నాకు అదే బాగుందనిపించింది. కానీ మా వీధి మొబైల్ షాపు కుర్రాడు వద్దన్నాడు. "ఎక్స్‌బాక్స్ పని అయిపోయిందన్నా, వాళ్ళ గేములు వాళ్ళే పీఎస్5కి ఇచ్చేస్తున్నారు, ఇప్పుడెవరైనా అది కొంటారా" అని.

నా భయం నాకుంది. వెనకటికి షాపుకని ఒక ప్రింటింగ్ మెషీన్ కొన్నా. ఏడాదిన్నరకే ఆ కంపెనీ ఇక్కడ దుకాణం ఎత్తేసింది. ఇంకు లేదు, పార్టులు లేవు. ఇప్పుడు దాని మీద మా ఆవిడ వడియాలు ఆరబెడుతోంది. మళ్ళీ అలాంటి పని చేయదలుచుకోలేదు. నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు టీవీ గేమ్‌లో ఆడిన మారియో, కాంట్రా. తెలిసినవాళ్ళు చెప్పండి, ఈ కంపెనీల పోటీలో ఎవరు ఓడిపోతున్నారు, ఓడిపోతే కొన్నవాడి గతేంటి?

రేణిగుంట రైడర్:

అంకుల్, కళ్ళు మూసుకుని సిరీస్ ఎస్ తీసుకోండి. నేను 2021 నుంచి వాడుతున్నా. గేమ్ పాస్ అని నెలకింత చందా కడితే వందల గేములు, ఒక్కోటి కొనే పని లేదు. పాత ఎక్స్‌బాక్స్ గేములు కూడా చాలా ఆడతాయి. పీఎస్5లో పీఎస్3 డిస్క్ పెట్టి చూడమనండి, తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లు పోసి యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేముల కంపెనీని కొనింది. అంత పెట్టినవాళ్ళు మూట సర్దుకుని పోతారా?

హై రోడ్ హంటర్:

మూట సర్దుకోవడం లేదు, మూట విప్పి మాకు పంచుతున్నారు. మీ ఎక్స్‌బాక్స్‌వాళ్ళ ఫోర్జా హొరైజన్ 5 నా పీఎస్5లోనే ఆడుతున్నా తమ్ముడూ. గేర్స్ ఆఫ్ వార్ కూడా వచ్చేసింది. మీ ఇంట్లో వండిన కూర మా ఇంటికి క్యారియర్‌లో వస్తోంది. ఇంక మీ పొయ్యి మేమెందుకు కొనాలి? గేమ్ పాస్ అల్టిమేట్‌ని 2025 అక్టోబరులో అమెరికాలో నెలకి 20 డాలర్ల నుంచి ఒకేసారి 30 చేశారు, ఆ మాట అంకుల్‌కి చెప్పలేదేం?

రేణిగుంట రైడర్:

ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో ఆడాలంటే మీరు సోనీకి పీఎస్ ప్లస్ చందా కట్టడం లేదా? అదేమైనా కొండ మీద అన్నప్రసాదమా, ఊరికే పెట్టడానికి?

పాత పార్లర్:

మీ ఇద్దరూ నా కొట్టుకొచ్చే రోజుల్లోనైతే ఇద్దర్నీ బయట నిలబెట్టి, తేల్చుకుని రమ్మనేవాణ్ణి. గ్రీమ్స్‌పేట అన్నా, ఈ గొడవ పట్టించుకోకండి. హీరోల అభిమానులు ఫ్లెక్సీల కోసం కొట్టుకున్నట్టే ఇదీ.

నాది తిరుపతి. 2004 నుంచి 2014 దాకా గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక సందులో గేమ్ పార్లర్ నడిపాను. చిన్న గది, మూడు పీఎస్2లు, మూడు 21 అంగుళాల డబ్బా టీవీలు, గంటకి 20 రూపాయలు. మెషీన్లకి చిప్ వేయించి బెంగళూరు నుంచి తెచ్చిన డూప్లికేట్ డిస్కులే ఆడించాను, అబద్ధమెందుకు. ఊళ్ళో పిల్లలతో పాటు సత్రాల్లో దిగిన యాత్రికుల పిల్లలూ వచ్చేవాళ్ళు. తలనీలాలిచ్చి, గుండు మీద చందనం ఆరకముందే వచ్చి కూర్చునేవాళ్ళు. మద్రాసు పిల్లలు ఫుట్‌బాల్ అడిగితే మన పిల్లలు స్మాక్‌డౌన్, క్రికెట్ 07 అడిగేవాళ్ళు. పదేళ్లలో "అన్నా, ఇది ఏ కంపెనీది" అన్నవాడు ఒక్కడూ లేడు.

మరి నా కొట్టుకే మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చేవాళ్ళు? ఎదురు సందులో 15 రూపాయలకే ఆడించేవాడు ఒకడుండేవాడు. అయినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. కారణం అగ్గిపెట్టె కంటే చిన్న వస్తువు. 8 ఎంబీ మెమరీ కార్డు. ఆటలో ఎక్కడిదాకా వచ్చారో అందులో దాచుకోవాలి, అది లేకపోతే రేపు మళ్ళీ మొదట్నుంచి. చిన్నా అని ఒక పిల్లోడు, ఎనిమిదో తరగతి, గాడ్ ఆఫ్ వార్ రోజుకి అరగంట చొప్పున నెలన్నర ఆడాడు. వాడి ఆటంతా నా రెండో మెషీన్ కార్డులో ఉంది. అవతలివాడు పది రూపాయలకిచ్చినా పోడు, ఎలా పోతాడు? ఒకరోజు సైకిల్ మీద వస్తూ పడి మోకాలు చెక్కుకుపోయింది. రక్తం కారుతుంటే లోపలికొచ్చి వాడడిగిన మొదటి మాట, "అన్నా, నా సేవ్ మీద ఎవడన్నా ఎక్కించాడా?"

కంపెనీలు "ప్లేయర్ లాయల్టీ" అనేది ఇదే అన్నా. అభిమానం తర్వాత సంగతి. మన ఆట ఎవడి దగ్గర దాచుకుని ఉందో వాడి దగ్గరికే పోతాం. అప్పుడు కార్డు, ఇప్పుడు అకౌంట్. ఐదారేళ్ళు కొన్న గేములన్నీ ఒక అకౌంట్‌లో పడి ఉంటే అవతలి మెషీన్ ఎంత బాగున్నా దిగలేరు.

ఇంకోటి చేతి వాటం. 2009లో ఒక ఎక్స్‌బాక్స్ 360 తెచ్చి పెట్టా. బొమ్మ పీఎస్2 కంటే ఎంతో బాగుండేది. కుర్రాళ్ళు రెండు రోజులు ఎగబడ్డారు, మూడో రోజు మళ్ళీ పాత మెషీన్ల దగ్గర క్యూ. ఎందుకో చెప్తా వినండి. ప్లేస్టేషన్‌లో ఎక్స్ గుర్తు బటన్ కింద ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో ఎక్స్ ఎడమవైపు. మీ మారియో చేసిన నింటెండో వాళ్ళ మెషీన్లో పైన. తెర మీద ఎక్స్ నొక్కమని రాగానే మావాళ్ళ బొటనవేలు కిందికే పోతుంది, అక్కడేమో ఏ ఉంటుంది. గుద్దు పడాల్సిన చోట ఇంకేదో అవుతుంది. పక్కవాడు నవ్వుతాడు. నలుగురి ముందు ఓడిపోవడానికి గంటకి 20 ఎవడిస్తాడు?

ఇక మీ అసలు భయానికి వస్తా. ఓడిపోవడమంటే ఏంటో సెగా అనే జపాన్ గేమ్ కంపెనీని చూస్తే తెలుస్తుంది. డ్రీమ్‌కాస్ట్ అని మంచి మెషీన్ చేశారు. పీఎస్2 దెబ్బకి 2001లో తయారీ ఆపేశారు. పీఎస్2లో డీవీడీ కూడా ఆడేది, సినిమా చూడ్డానికి కొన్నవాళ్ళూ ఉన్నారు. నేనే రాత్రి షట్టర్ దించాక ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి అందులో సినిమాలు వేసేవాణ్ణి. సరే, సెగా మెషీన్లు మానేసి నిన్నటి పగవాళ్ళ మెషీన్లకే గేములు చేసి అమ్ముకుంటోంది. డ్రీమ్‌కాస్ట్ కొన్నవాళ్ళ డిస్కులు మర్నాడు ఆగిపోలేదు, కొత్తవి రావడం తగ్గింది, అంతే. మీ ప్రింటింగ్ మెషీన్ లాగా వడియాలకి పనికొచ్చే స్థితి కాదు.

పైగా ఈ పోటీలో ఎవడూ ఒకేచోట ఉండడు. సోనీ ఇందులోకి దిగిందే నింటెండోతో సంబంధం తప్పిపోయి. 1991లో ఇద్దరూ కలిసి సీడీ మెషీన్ చేస్తున్నామని సోనీ చెప్పిన మర్నాడే నింటెండో ఫిలిప్స్‌తో కలుస్తున్నామంది. పీటల మీద పెళ్ళి ఆగినట్టు. ఆ కడుపుమంటలోంచే 1994లో ప్లేస్టేషన్ వచ్చింది. నింటెండో వాళ్ళ వీ (Wii) అనే మెషీన్ అమ్మకాల్లో పది కోట్లు దాటింది, దాని తర్వాతి వీ యూ కోటిన్నర కూడా అమ్ముడుపోలేదు, ఆ తర్వాతి స్విచ్ 15 కోట్లు దాటింది. మైక్రోసాఫ్ట్ సంగతీ అంతే. 360తో సోనీకి సమానంగా వచ్చి, 2013లో తనంతట తనే కాలు జారింది. డిస్కు ఉన్నా 24 గంటలకోసారి ఇంటర్నెట్‌లో చెక్ చేయించుకోవాలి, పాత డిస్కు చేతులు మార్చడానికి షరతులు అని 360 తర్వాతి మెషీన్ ఎక్స్‌బాక్స్ వన్‌కి రూల్స్ పెట్టింది, ధర 499 డాలర్లు. సోనీ తన పీఎస్4కి 399 అంది, డిస్కు ఎవరికైనా ఇచ్చుకోండంది. నెల తిరక్కుండా మైక్రోసాఫ్ట్ ఆ రూల్స్ వెనక్కి తీసుకుంది కానీ అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

ఆ డిస్కు సంగతే మీకూ ముఖ్యం. సిరీస్ ఎస్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. అంతా డౌన్‌లోడ్. పీఎస్5లో రెండు రకాలున్నాయి, డిస్కు ఉన్నది, లేనిది. పెద్ద గేము కొత్తది ఐదు వేల దగ్గర పలుకుతుంది. డిస్కు అయితే మీవాడు ఆడేశాక ఫ్రెండ్‌కి ఇచ్చి ఇంకోటి తెచ్చుకుంటాడు. డౌన్‌లోడ్ అయితే అది వాడి అకౌంట్‌లోనే ముసలిదైపోతుంది.

కాబట్టి ముందు మీవాణ్ణి ఒక కాగితం మీద రాయమనండి, వాడి స్నేహితుల్లో ఎవరి దగ్గర ఏముందో. పీఎస్4 ఉన్నా లెక్కే, దాని డిస్కులు పీఎస్5లో దాదాపు అన్నీ ఆడతాయి. మీ అక్క కొడుకుని కూడా ఒక మాట అడగండి. "గేములు కూడా ఉన్నాయి మామా" అంటే నమ్మి ఊరుకోకండి. మెషీన్ మీకొస్తుంది, గేములు వాడి అకౌంట్‌తో వాడి దగ్గరే ఉండిపోతాయి.

ఎమ్మార్ పల్లి అమ్మ:

స్విచ్ పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. సింగపూర్‌లో ఉన్న మా తమ్ముడు 2019లో తెచ్చిచ్చాడు. ఇద్దరు పిల్లలూ చెరో కంట్రోలరు పట్టుకుని ఆడతారు, మధ్యలో నేనూ. నింటెండో దీన్ని మన దేశంలో అధికారికంగా అమ్మనేలేదు, చెడిపోతే ఎవరికివ్వాలో తెలీదు. మీ అబ్బాయి వయసుకి వద్దులెండి. పెద్దాయన అంత రాశారు కానీ, వాడి చేతికి ఏది వాటమో వాడినే ఒకసారి పట్టుకుని చూడమంటే సగం తేలిపోతుంది కదా.

గ్రీమ్స్‌పేట నాన్న:

అందరికీ థ్యాంక్స్. పాత పార్లర్ అన్నా, మీరు చెప్పినట్టే రాయించా. ఏడుగురిలో నలుగురి దగ్గర పీఎస్4, ఒకడి దగ్గర పీఎస్5, ఒకడి దగ్గర కంప్యూటర్, ఒకడు ఫోన్‌లోనే ఆడతాడట. ఎక్స్‌బాక్స్ ఒక్కటీ లేదు. అక్క కొడుక్కి ఫోన్ చేసి అకౌంట్ సంగతి అడిగితే "అది నా మెయిల్ ఐడీ కదా మామా" అని నీళ్ళు నమిలాడు. వాడు మోసం చేయాలని కాదు, చెప్పాలని తోచలేదంతే. ఇంకొక్క డౌటు. జీటీఏ 6 అనే కొత్త గేము రెండింట్లోనూ వస్తుందా? మావాడు నిద్రలో కూడా దాని పేరే కలవరిస్తున్నాడు.

పాత పార్లర్:

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ రెండింటికీ ప్రకటించారు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు, దానికోసం ఈ నెలే చీటీ పాడి నష్టపోకండి. తక్కువకి పాడుకునే నెల దాకా ఆగండి.

విదేశం నుంచి చవకగా తెస్తామని ఎవరైనా అంటే మాత్రం వెనక ఓల్టేజీ చదవండి. నేను ఒకసారి జపాన్ పీఎస్2 చవకగా వచ్చిందని ఎగిరి గంతేసి తెచ్చా. అది 100 ఓల్టులది. చదవకుండా మన 230లో పెట్టా. టప్‌మని చప్పుడు, గదినిండా కాలిన వాసన. లోపలున్న ఆరుగురు పిల్లలూ చప్పట్లు కొట్టారు. తప్పు పూర్తిగా నాదే.

గ్రీమ్స్‌పేట నాన్న:

డిస్కు ఉన్న పీఎస్5కే ఫిక్స్ అయ్యాం. వచ్చే నెల చీటీకి. ఆదివారం వాణ్ణి తీసుకుని తిరుపతి వస్తున్నా, దర్శనం టికెట్లు దొరికాయి. అన్నా, ఆ మెమరీ కార్డు ఇంకా మీ దగ్గరుందా? మావాడికి చూపించాలనుంది. 8 ఎంబీ అంటే నమ్మడం లేదు, వాట్సాప్‌లో వీడియో కూడా అంతకంటే పెద్దదంటున్నాడు.

పాత పార్లర్:

ఉంది. చిన్నా సేవ్ కూడా అలాగే ఉంది, ఆఖరి దెయ్యం దగ్గర ఆగిపోయింది. వాడికి పరీక్షలొచ్చాయి, మళ్ళీ రాలేదు. కొట్టు అదే సందు, ఇప్పుడు బ్యాగులమ్ముతున్నా. దర్శనం అయ్యాక రండి, మధ్యాహ్నం రెండు దాటితే ఖాళీగానే ఉంటా. మెషీన్ ఒకటి పనిచేస్తోంది కానీ లెన్స్ అరిగిపోయింది, తలకిందులుగా పెడితే తప్ప డిస్కు చదవదు. మీవాణ్ణి నవ్వొద్దని ముందే చెప్పి తీసుకురండి.