కెనడా ఇంగ్లిష్: నాలుగు వేల కిలోమీటర్లు మారని యాస, న్యూఫౌండ్‌లాండ్‌లో ఎందుకు మారింది?

తూర్పుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లపాటు ఒంటారియోలోని మిస్సిసాగాలో ఉన్నాను. మధ్యలో ఎనిమిది నెలలు పని మీద వాంకూవర్‌లో గడిపాను. ఇప్పుడు ఉద్యోగం మారడంతో నాలుగు నెలలుగా కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని సెయింట్ జాన్స్‌లో కుటుంబంతో ఉంటున్నాను. మిస్సిసాగా నుంచి వాంకూవర్‌కు రోడ్డు మీద నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంత దూరం వెళ్లినా అక్కడివారి ఇంగ్లిష్‌లో నాకు చెప్పుకోదగ్గ తేడా వినిపించలేదు. జిల్లా దాటితే మాట మారిపోయే చోట పెరిగినవాణ్ణి కాబట్టి అప్పట్లో అది వింతగానే తోచింది కానీ, ఈ దేశమంతా ఇంతే కాబోలని సరిపెట్టుకున్నాను.

సెయింట్ జాన్స్‌కు వచ్చిన రెండో వారంలోనే ఆ నమ్మకం పోయింది. ఒక ఉదయం సహోద్యోగిని ఒకరు నా బల్ల దగ్గర ఆగి, "అయామ్ ఆఫ్టర్ సెండింగ్ యూ ద ఫైల్" అని చెప్పి వెళ్లిపోయారు. వేరే పనేదో ముగించుకున్న తరువాత పంపుతారన్నమాట అని నేను అర్థం చేసుకుని, సాయంత్రం నాలుగింటి దాకా ఎదురుచూసి, చివరికి మొహమాటపడుతూ వెళ్లి అడిగితే ఆవిడ నా వంక విచిత్రంగా చూశారు. ఆ ఫైలు పొద్దున పదింటికే నా మెయిల్‌లో ఉంది. "ఇప్పుడే పంపాను" అనడానికి ఇక్కడ అలా అంటారట. ఇంకో రోజు ఫోన్‌లో ఒకాయన "వేర్ యూ టూ?" అన్నారు. ఎక్కడికి వెళుతున్నావని అడిగారనుకుని "ఇంటికి" అన్నాను; ఆయన అడిగింది ఎక్కడ ఉన్నావని. పొగమంచు కమ్మి గాలంతా చెమ్మగా ఉన్న రోజును "మాజీ డే" అంటే, మాజీ మంత్రులు తప్ప వేరే మాజీలను ఎరుగని నేను, గడిచిపోయిన రోజు సంగతేదో చెబుతున్నారనుకున్నాను.

ఈ సంగతి టొరంటోలోని ఒక మిత్రుడికి చెబితే, "అది చదువు అబ్బని జాలరుల ఇంగ్లిష్, నీకు అంటుకోనివ్వకు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు కానీ, ఎదురు చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. ఒంటారియో నుంచి పసిఫిక్ తీరం దాకా ఒకేలా ఉన్న ఇంగ్లిష్ ఇక్కడ మాత్రం ఇంతగా ఎందుకు మారిందో తెలిసినవారు చెప్పగలరా?

పరుషసరళాలు

తూర్పుగాలి గారూ, కెనడాలో ఇంగ్లిష్ దూరాన్ని బట్టి మారలేదు; ఏ చోట మొదట ఎవరు వచ్చి స్థిరపడ్డారన్నదాన్ని బట్టి మారింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం 1783లో ముగిశాక, బ్రిటిష్ రాజుకు విధేయులుగా ఉన్న కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉత్తరానికి తరలివచ్చాయి. ఇప్పటి దక్షిణ ఒంటారియోలో ఇంగ్లిష్‌కు పునాది వేసినవారిలో వాళ్లు ముఖ్యులు. 1815 తరువాత ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి అంతకంటే ఎక్కువమందే వచ్చారు. కానీ వచ్చినవాళ్ల పిల్లలు తల్లిదండ్రుల యాసను కాక, వీధిలో అప్పటికే వినిపిస్తున్న యాసను పట్టుకున్నారు. 1885లో కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం పూర్తయ్యాక, పడమటి మైదానాల్లో పొలాలు తీసుకున్నవారిలోనూ, బడుల్లో పాఠాలు చెప్పినవారిలోనూ, ప్రభుత్వ కచేరీల్లో కూర్చున్నవారిలోనూ ఒంటారియో వాళ్లు చాలామంది. ఆ తరువాత ఉక్రెయిన్ నుంచి, జర్మనీ నుంచి, స్కాండినేవియా నుంచి వచ్చినవారి పిల్లలు నేర్చుకున్నది ఆ మేష్టర్ల ఇంగ్లిషే. అంటే ఒకే విత్తనాన్ని రైలులో తీసుకువెళ్లి నాలుగు వేల కిలోమీటర్ల పొడవునా చల్లినట్టయింది. ఆ చల్లింది నిన్నగాక మొన్న; అది చోటుకొక రకంగా మారిపోవడానికి నూట నలభై ఏళ్లు చాలవు.

న్యూఫౌండ్‌లాండ్ కథ వేరు. అక్కడికి కాడ్ చేపల వేట కోసం వచ్చి స్థిరపడిన ఇంగ్లిష్‌వాళ్లలో అత్యధికులు ఇంగ్లండ్ నైరుతి మూలనున్న డెవన్, డోర్సెట్, సోమర్‌సెట్ ప్రాంతాలవారు. ఐరిష్‌వాళ్లలో అత్యధికులు ఆగ్నేయ ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్, కిల్కెనీ ప్రాంతాలవారు. వాళ్లు సముద్రపు ఒడ్డున చిన్న చిన్న పల్లెలు కట్టుకున్నారు. చాలా పల్లెలకు పడవలో తప్ప వెళ్లే దారి లేదు. 1949 మార్చి 31 దాకా న్యూఫౌండ్‌లాండ్ అసలు కెనడాలో భాగమే కాదు. తాతముత్తాతల పలుకుబడి చెక్కుచెదరకుండా మిగలడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

మీకు తగిలిన ఒక్కొక్క మాటనూ పట్టుకుంటే దాని ఊరు తెలిసిపోతుంది. "అయామ్ ఆఫ్టర్ సెండింగ్" ఐర్లండ్ నుంచి వచ్చింది. ఐరిష్ భాషలో ఇంగ్లిష్ "హ్యావ్" లాంటి క్రియ లేదు. ఒక పని ఇప్పుడే ముగిసిందని చెప్పడానికి "ఆ పని తరువాత ఉన్నాను" అనే అర్థం వచ్చే వాక్యం వాడతారు. ఇంగ్లిష్ నేర్చుకున్నప్పుడు పాత కట్టును కొత్త మాటల్లోకి దించుకున్నారు. "వేర్ యూ టూ?" ఇంగ్లండ్ నైరుతి మూలది, అక్కడ ఈనాటికీ వినబడుతుంది. "ఐ నోస్", "వీ గోస్" అని అన్ని పురుషలకూ చివర "స్" తగిలించడమూ ఆ మూల నుంచి వచ్చిందే. "త్రీ", "ట్రీ" రెండూ ఒకేలా పలికేవారు, "దిస్"ను "డిస్" అనేవారు కూడా మీకు ఈపాటికి తారసపడే ఉంటారు.

మీ మిత్రుడి మాటకు నా జవాబు ఇది. ఆ "ఆఫ్టర్" వాక్యం కాలాన్ని తేటగా చెబుతుంది. అది విన్న సెయింట్ జాన్స్ మనిషికి పని అయిందా లేదా అన్న అనుమానమే రాదు. అనుమానం వచ్చింది మీకు. నియమం తెలియనిది వినేవారికైతే తప్పు మాట్లాడేవారిదెలా అవుతుంది? ఈ పలుకుబడిలోని మాటలతో 1982లో ఒక పెద్ద నిఘంటువే అచ్చయింది; మీ "మాజీ" కూడా అందులో ఉంది.

ఇలాంటి పాత చెలమలు మరికొన్ని ఉన్నాయి. నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్‌లో 1753లో జర్మన్ మాట్లాడేవారు స్థిరపడ్డారు. అక్కడి పాత తరం పలుకులో పదాంతంలోని "ర్" వినబడకపోవడం చాలాకాలం గుర్తుగా ఉండేది. ఒట్టావా లోయ పల్లెల్లో ఐరిష్ ఛాయ ఉండేది. ఇవన్నీ రైలుకు ముందరివే అని గమనించండి.

గడ్డిమైదానం

పరుషసరళాలు గారి వివరణ సబబుగానే ఉంది కానీ, పడమట అంతా ఒక్కటే అంటే సస్కాచెవాన్ రాష్ట్రంలోని రెజీనాలో పదకొండేళ్లుగా ఉంటున్న నేను ఒప్పుకోను. పలుకు ఒకేలా ఉండవచ్చు, మాటలు ఒకటి కావు. మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా బడి నుంచి ఒక చీటీ వచ్చింది: పిల్లలందరూ శుక్రవారం "బన్నీ హగ్" వేసుకురావాలని. నేను కుందేలు వేషం అనుకుని, ఆ చెవుల కోసం రెండు దుకాణాలు తిరిగాను. బన్నీ హగ్ అంటే టోపీ ఉన్న స్వెటర్‌షర్టు, మిగతా దేశమంతా హూడీ అనేది. సస్కాచెవాన్ సరిహద్దు దాటితే ఆ మాట చాలామందికి అర్థం కాదు. పక్కనున్న మానిటోబాలో లోపల జామ్ పెట్టిన డోనట్‌ను "జామ్‌బస్టర్" అంటారు.

కరెంటు బిల్లు సంగతీ ఇంతే. ఒంటారియోలో, క్యూబెక్‌లో, మానిటోబాలో, బ్రిటిష్ కొలంబియాలో దాన్ని "హైడ్రో బిల్లు" అంటారు. అక్కడ విద్యుత్తు మొదట్లో నీటి నుంచే ఎక్కువగా వచ్చింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. బొగ్గు, గ్యాసు మండించి కరెంటు తయారు చేసుకున్న మా సస్కాచెవాన్‌లోనూ, అల్బర్టాలోనూ అది "పవర్ బిల్లు". ఊరి బయట చెరువు ఒడ్డున వేసవికి వెళ్లే ఇల్లు దక్షిణ ఒంటారియోలో "కాటేజ్", మాకు "క్యాబిన్", ఉత్తర ఒంటారియోలో "క్యాంప్", మాంట్రియల్ వాళ్లకు "షాలే". ఒకే చెక్క ఇంటికి ఇన్ని పేర్లున్న దేశాన్ని ఒకే యాస దేశమని ఎలా అంటాం?

పలుకులోనూ చిన్న తేడా ఒకటి ఉంది. ఇక్కడ చాలామంది "బ్యాగ్"ను "బేగ్"కు దగ్గరగా పలుకుతారు. "గ" ముందు ఆ అచ్చు పైకి లేవడం ఇతర చోట్లా వినిపిస్తుంది కానీ, మైదాన ప్రాంతాల్లో మరీ స్పష్టం. మా అబ్బాయి అలాగే అంటాడు. నేను దిద్దబోతే వాడు నన్నే దిద్దుతాడు.

రెండోభాష

కెనడియన్ల పలుకు గురించి ఇంతసేపు మాట్లాడుకుంటూ ఫ్రెంచి ఊసే ఎత్తకపోవడం మాంట్రియల్‌లో ఉన్న నాకు కొంచెం కష్టంగానే ఉంది. దేశంలో అయిదుగురిలో ఒకరికి అది మాతృభాష.

తెలుగువారికి ఇక్కడి ఫ్రెంచిలో ఒక సౌలభ్యం ఉంది. "నువ్వు" అనే అర్థంలో ప్యారిస్ వాళ్లు "త్యు" అనే మాటను క్యూబెక్ వాళ్లు ఇంచుమించు "ౘ్యు" అంటారు. అది మన "చాప"లో, "చుక్క"లో ఉన్న, నాలుకను పళ్లకు ఆనించి పలికే దంత్య చకారమే. అలాగే "ద" మన "జున్ను"లోని "జ" అవుతుంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన నా సహవిద్యార్థులు ఆ ధ్వని కోసం తంటాలు పడుతుంటే, మా పంతులమ్మ నన్ను ముందుకు పిలిచి పలికించేవారు. ఒక తిరకాసు మాత్రం ఉంది. మనకు "చి", "చె"లలో తాలవ్యం, అంటే అంగిలికి ఆనించి పలికేది; "చా", "చు"లలో దంత్యం. వాళ్లకు సరిగ్గా "ఇ" దగ్గర, "త్యు"లో వినిపించే అచ్చు దగ్గరే ఈ మార్పు వస్తుంది, "తా", "తో" మారవు. నేను మొదట్లో దాన్ని అన్నిచోట్లా వాడి నవ్వులపాలయ్యాను.

ఫ్రెంచిలో కూడా పరుషసరళాలు గారు చెప్పిన సూత్రమే పనిచేస్తుంది. తూర్పు తీరంలోని ఫ్రెంచివాళ్లైన అకాడియన్లు క్యూబెక్ నుంచి విడిపోయినవారు కారు. వాళ్ల వలస విడిగా జరిగింది, 1755లో మొదలైన బహిష్కారంలో చెల్లాచెదురై కొందరు తిరిగి వచ్చారు. వాళ్ల సంప్రదాయ పలుకులో ఈ దంత్య చకారం ఉండదు. న్యూ బ్రన్స్‌విక్‌లోని మాంక్టన్ వైపు "షియాక్" అనే మిశ్రమ పలుకుబడి ఉంది. ఇంగ్లిష్ క్రియకు ఫ్రెంచి ప్రత్యయం తగిలించి "పార్కే" అంటారు. మనం "పార్క్ చేసి" అన్నంత సహజంగా ఉంటుంది.

ఫ్రెంచి పొరుగున ఉండడం వల్ల మాంట్రియల్ ఇంగ్లిష్ కూడా వేరుగా ఉంటుంది. వీధి మూల కొట్టు "డెప్". అది "దెపానర్" అనే ఫ్రెంచి మాటకు పొట్టి రూపం, ఇబ్బందిలో ఆదుకునేవాడని అర్థం. ఏటీఎం "గిషే". లైటు ఆర్పమనడానికి "క్లోజ్ ద లైట్" అనేవారున్నారు. పైగా కెనడాలో చాలాచోట్ల ఒకటైపోయిన "మెర్రీ", "మ్యారీ" ఇక్కడ ఇంకా వేరువేరుగా వినబడతాయి.

తూర్పుగాలి

ముగ్గురికీ ధన్యవాదాలు. మిత్రుడికి 1949 సంగతి, వాటర్‌ఫర్డ్ సంగతి రాసి పంపాను. ఇంకా బదులు రాలేదు. ఇంకొక్క సందేహం. కెనడియన్లు "అబౌట్"ను "అబూట్" అంటారని అమెరికన్లు వేళాకోళం చేస్తారు కదా, ఆరేళ్లలో ఒక్కరి నోటా నేను "అబూట్" వినలేదు. అది కట్టుకథేనా?

పరుషసరళాలు

కట్టుకథ కాదు, చెవి చేసే పొరపాటు. నేను ఈ మారుపేరు పెట్టుకోవడానికి కారణం కూడా ఇదే. అమెరికాలో చాలాచోట్ల "ఔ" అనే సంయుక్త అచ్చు "ఆ"తో మొదలవుతుంది: "హావుస్", "లావుడ్". కెనడాలో దాని తరువాత పరుషం వస్తే, అంటే గొంతు అదరకుండా పలికే "ట" గానీ "స" గానీ వస్తే, అది "ఆ" కాక "అ"కు దగ్గరగా, కాస్త పైనుంచి మొదలవుతుంది: "హవుస్", "అబవుట్". తరువాత సరళం, అంటే గొంతు అదిరే "డ" లాంటిది, వస్తే మార్పు లేదు. "లావుడ్" ఇక్కడా "లావుడ్"గానే ఉంటుంది. "అబవుట్"లోని ఆ ఎత్తు అలవాటు లేని అమెరికన్ చెవికి "ఊ" అని తోస్తుంది. "ఐ"కి కూడా ఇదే నియమం. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన జె. కె. చాంబర్స్ 1973లో దీనికి కెనడియన్ రైజింగ్ (అచ్చు పైకి లేవడం) అని పేరు పెట్టారు. "ఐ" విషయంలో ఇది అమెరికాలో కూడా అనేకచోట్ల ఉంది. "ఔ" విషయంలోనే కెనడా పేరు పడింది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది "రైటర్", "రైడర్" జంట. ఉత్తర అమెరికాలో రెండు అచ్చుల మధ్య "ట" పలచబడి "డ"లా అయిపోతుంది కాబట్టి, ఆ రెండు మాటల్లోనూ హల్లు ఒక్కటే వినబడుతుంది. అయినా కెనడియన్లు తికమకపడరు. "ట" మాయమైనా, దాని ముందరి అచ్చు మాత్రం అక్కడ పరుషం ఉందన్నట్టే పలుకుతుంది. కావాలంటే ఇక్కడ పెరిగిన పిల్లల మీద పరీక్షించి చూడండి.

తూర్పుగాలి

పరీక్షించాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, మిస్సిసాగాలో పెరిగింది. నేను ఒక కాగితం మీద "రైటర్", "రైడర్" మాటలను తారుమారుగా పదిసార్లు రాసి, చదవమని చెప్పి, ఫోన్‌లో రికార్డు చేశాను. మధ్యలో హల్లు నిజంగానే రెండింటికీ ఒకటే. తెలిసి వింటే అచ్చు తేడా నాకూ దొరికింది కానీ, పదింటిలో ఏడు మాత్రమే సరిగ్గా గుర్తుపట్టాను. అదే రికార్డును ఆఫీసులో నా "ఆఫ్టర్" సహోద్యోగినికి వినిపిస్తే పదికి పది చెప్పారు. ఆవిడ పుట్టిల్లు సెయింట్ జాన్స్‌కు దక్షిణాన ఉన్న తీరపు పల్లె అని, పూర్వీకులు వాటర్‌ఫర్డ్ నుంచి వచ్చారని కూడా అప్పుడే తెలిసింది.

తరువాత అమ్మాయి నన్ను చదవమంది. నేను "ట"ను "ట"లా, "డ"ను "డ"లా నిక్కచ్చిగా పలికాను కాబట్టి తేలికగానే పట్టేసింది కానీ, "రైటర్" అన్న ప్రతిసారీ నవ్వింది. గడ్డిమైదానం గారూ, బన్నీ హగ్ సంగతి కూడా ఆఫీసులో అడిగాను. పద్నాలుగు మందిలో ఒక్కరికే తెలుసు, ఆయనది సస్కాచెవాన్‌లోని సస్కటూన్.