చిన్న చెయిన్ల బర్గర్ కోసం 70 కిలోమీటర్లు పోవచ్చునా? రుచి నిజంగా వేరా, పేరు మాత్రమే వేరా?

కరకంబాడి రోడ్డు:
హద్దులు ముందే చెప్తా. మెక్‌డొనాల్డ్స్ లాంటి పెద్ద కంపెనీల గొడవ ఇక్కడ వద్దు. ఒక బండి, ఒక మాస్టరు ఉండే చోట్లూ వద్దు. నాలుగు నుంచి పదిహేను షాపులు పెట్టుకుని తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, వేలూరు, కోలారు మధ్యనే తిరిగే చెయిన్ల సంగతి మాట్లాడదాం. ప్రతి దాని బోర్డు మీదా "మా దగ్గర తప్ప ఎక్కడా దొరకదు" అనే బర్గర్ ఒకటి ఉంటుంది. దానికోసం తిరుపతి నుంచి చిత్తూరు దాకా పోవడం తెలివేనా?

పోవచ్చనేది నా వాదన. ఒంటి షాపులో రుచి మాస్టరు చేతిలో ఉంటుంది, ఆయన ఊరికి పోతే రుచి కూడా ఆయన వెంటే పోతుంది. పెద్ద కంపెనీకి దేశమంతా నచ్చాలి, అందుకే కారం, పులుపు అన్నీ తగ్గించి చప్పగా పెడుతుంది. ఈ నడిమి సైజు చెయినే ఒక ప్రాంతం నాలుకను పట్టుకుని, అదే రుచి పది చోట్ల ఇవ్వగలదు.

దోసె పెనం:
అన్నా, బోర్డు చదివి బండి తీయొద్దు. ఇట్లాంటి చాలా చోట్ల వెనకాల ఉండేది ఒకటే సరుకు. అట్టపెట్టెలో గడ్డకట్టిన ప్యాటీ (బన్ను మధ్యలో పెట్టే బిళ్ల), కిలో పౌచ్‌లో గుడ్డు లేని మయోనైజ్, డబ్బాలో పెరి పెరి పొడి. ఒక షాపు దానికి "సీమ కారం" అని పేరు పెడుతుంది, ఇంకోటి "కొండ మిర్చి" అంటుంది.

కొరికే ముందు ప్యాటీని సగానికి విరిచి చూడండి. అంచు అచ్చు గుద్దినట్టు గుండ్రంగా, పైన బ్రెడ్ పొడి నారింజ రంగులో, లోపల క్యారెట్టూ బీన్సూ ఒకే కొలతలో చదరంగా ఉంటే అది ఫ్యాక్టరీది. ఫ్రీజర్లోంచి తీసి 180 డిగ్రీల నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేస్తే పని అయిపోయింది. తినడానికి భయమేం లేదు. కానీ మన తిరుపతి లీలామహల్ సర్కిల్లో దొరికేదాని కోసం చిత్తూరు పోయేదెందుకు?

కరకంబాడి రోడ్డు:
గడ్డకట్టిన ప్యాటీ అనగానే కొట్టిపారేస్తే ఎట్లా? అమెరికాలో వైట్ క్యాజిల్ 1921లో కాన్సాస్ రాష్ట్రం విచిటాలో మొదలైంది. వాళ్లది గడ్డకట్టిన పల్చటి చదరపు ప్యాటీయే, దాంట్లో ఐదు చిల్లులు. పెనం మీద ఉల్లిపాయలు పరిచి, వాటి మీద ప్యాటీ పెట్టి, దాని మీద బన్ను పెడతారు. ఉల్లి ఆవిరి చిల్లుల్లోంచి పైకి వచ్చి ప్యాటీని ఉడికిస్తుంది, బన్ను ఆ వాసన పీల్చుకుంటుంది. ప్యాటీని తిప్పేది కూడా లేదు. ఆ రుచి ఇంకో పద్ధతిలో రాదు. అంటే ప్రత్యేకత ప్యాటీ పెట్టెలోనే ఉండాలని లేదు, పెనం మీద చేసే పనిలోనూ ఉండచ్చు.

అమెరికాలోనే న్యూ మెక్సికో రాష్ట్రంలో బ్లేక్స్ లోటాబర్గర్ 1952 నుంచి ఉంది. దాని గుర్తు ఆ రాష్ట్రంలో పండే పచ్చి మిరప, కాల్చి తరిగి చీజ్‌తో కలిపి పెడతారు. సాల్ట్ లేక్ సిటీ క్రౌన్ బర్గర్స్‌లో ప్యాటీ మీద పస్త్రామి అనే, మసాలా పట్టించి పొగబెట్టిన మాంసం ముక్కలు దొంతర పెడతారు. వీటి కోసం జనం ఊళ్లు దాటి పోతారు.

ఎస్వీయూ హాస్టల్:
అవన్నీ బీఫ్ బర్గర్లు కదన్నా. మెక్‌డొనాల్డ్సే 1996లో మన దేశానికి వచ్చినప్పుడు బీఫ్ లేకుండా వచ్చింది. ఇక్కడ చికెన్, మటన్, ఆలూ. ఆ లెక్క ఈడ పని చేస్తుందా?

ఖీమా లెక్క:
పద్ధతి పనిచేస్తుంది, కొలతలు మారతాయి. ఈ ప్రాంతంలో మటన్ బర్గర్ చాలా చోట్ల పాడయ్యేది ఒకే కారణంతో. మటన్ కొట్టులో ఖీమా అడిగితే కొవ్వు తీసేసి కొడతారు, అదే మంచి సరుకని మన లెక్క. కూరకు అది సరే. బర్గర్‌కు మాత్రం ఆ ఖీమా కాలినాక కొయ్యముక్క. 100 గ్రాముల ప్యాటీలో కనీసం 20 గ్రాముల కొవ్వు ఉండాలి, అది కూడా ముద్దగా కాకుండా ఖీమాతో పాటే మిషన్లో పడాలి. మాంసం, మిషన్ పళ్లెం రెండూ చల్లగా ఉండాలి. వేడెక్కితే కొవ్వు కరిగి పేస్టవుతుంది.

రెండో తప్పు ఉప్పు. ఖీమాలో ముందే ఉప్పు వేసి పిసికితే మాంసంలో ప్రొటీన్ కరిగి జిగురు పుడుతుంది. సీక్ కబాబ్ కడ్డీకి అతుక్కోవాలి కాబట్టి అక్కడ అదే కావాలి. బర్గర్‌లో అదే పని చేస్తే కొరికినప్పుడు రబ్బరులాగా ఎగురుతుంది. ప్యాటీ తట్టినాక, పెనం మీద వేసే ముందు పైపైన ఉప్పు చల్లాలి. ఇంక అల్లం వెల్లుల్లి, ఉల్లి తరుగు, గుడ్డు, బ్రెడ్ పొడి అన్నీ లోపలికి కూరితే అది బన్నులో పెట్టిన షామీ కబాబే. రుచిగానే ఉండచ్చు, పేరు మాత్రం తప్పు.

ఇంకోటి చాలామందికి తెలియదు. మేక, గొర్రె కొవ్వు తొందరగా గడ్డకడుతుంది. పెనం మీంచి దిగిన పది నిమిషాల్లో తినకపోతే అంగిటికి మైనంలాగా అంటుకుంటుంది. అందుకే మటన్ బర్గర్ ఇంటికి తెప్పించుకుని "బాగాలేదు" అని రేటింగ్ ఇచ్చేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను. కొవ్వులో సగం తగ్గించి, గడ్డకట్టిన వెన్న తురిమి కలిపే షాపుల్లో ఈ ఇబ్బంది తక్కువ.

దోసె పెనం:
ఇది ఒప్పుకుంటా. నా పేరుకు తగ్గట్టు ఒక మాట కలుపుతా. పల్చగా అదిమి కాల్చే ప్యాటీకి మన టిఫిన్ సెంటర్ల దోసె పెనం కన్నా మంచి సామాను లేదు. మందపాటి ఇనుము, వేడి నిలబడుతుంది. 60, 70 గ్రాముల ఉండ వేసి, మొదటి పావు నిమిషంలోనే గట్టిగా అదిమేయాలి. ఆలస్యంగా అదిమితే అప్పటికే కరిగిన రసం బయటికి కారిపోతుంది. నిమిషంన్నరకు అంచులు గోధుమ రంగుకు వస్తాయి, అప్పుడు అట్లకాడ పదునుగా పెట్టి అడుగంటిన పొరతో సహా గీకి తిప్పాలి. ఆ పొరే రుచి.

తప్పు జరిగేది దోసె అలవాటుతోనే. దోసెకు ముందు పెనం మీద నీళ్లు చిలకరించి, ఉల్లిపాయతో తుడిచి, వేడి దించుతారు కదా. ప్యాటీకి కూడా చెయ్యి తెలియకుండానే అదే చేస్తుంది. పెనం చల్లబడితే మాంసం కాలదు, ఉడుకుతుంది, బూడిద రంగుకు తిరుగుతుంది. చిన్న చెయిన్లలో రెండో షాపు, మూడో షాపు దెబ్బతినేది ఇక్కడే. మొదటి షాపులో మందం పెనం, మూడోదానిలో ఖర్చు తగ్గించి సన్నటి స్టీలు రేకు. రెసిపీ అదే, బర్గర్ వేరు. అందుకే పేరు పెట్టుకున్న బర్గర్ తినాలంటే మొదటి షాపుకే పోండి. ఆ తర్వాత అదే చెయిన్ కొత్త బ్రాంచిలో అదే బర్గర్ తినండి. రెండూ ఒకేలా ఉంటేనే కరకంబాడి అన్న చెప్పిన "పది చోట్ల ఒకే రుచి" నిజం.

కరకంబాడి రోడ్డు:
ఇన్-ఎన్-అవుట్ చేసే పని అదే కదా. 1948లో కాలిఫోర్నియాలోని బాల్డ్విన్ పార్క్‌లో మొదలై, ప్యాటీలు గడ్డకట్టించకుండా పంపడానికి వీలైనంత దూరంలోనే షాపులు పెడుతుంది. దూరం పోకపోవడం అక్కడ చేతకానితనం కాదు.

తిరుచానూరు శాకం:
మీ మాంసం గోల అయ్యిందా? కొండకు వచ్చే యాత్రికులను నమ్ముకున్న ఊళ్లో సగం మంది శాకాహారమే అడుగుతారు, ఉల్లి వెల్లుల్లి లేకుండా అడిగేవాళ్లు కూడా తక్కువేం కాదు. ఈ ఊరి చెయిన్ గొప్పదా కాదా అనేది వెజ్ బర్గర్‌తోనే తేలాలి.

ఆలూ ప్యాటీ నూనెలో పగిలిందంటే వేడి గడ్డలను మెదిపినారని అర్థం. ఆవిరి లోపలే ఉండి బయటికి చీలుస్తుంది. ఉడికిన గడ్డ పూర్తిగా చల్లారి, ఫ్రిజ్‌లో గట్టిపడినాకే మెదపాలి. పచ్చి బటాణీ తడి లేకుండా ఆరాలి. పట్టు కోసం అటుకుల పొడి కిలోకు 80, 100 గ్రాములు చాలు, మైదా ఎక్కువైతే లోపల జిగట.

కానీ ఆలూ ఎవరైనా చేస్తారు. ముంబైలో వడాపావ్‌తో (బన్నులో పెట్టిన ఆలూ బోండా) 2001లో మొదలైన జంబోకింగ్ దాన్నే పెద్ద చెయిన్‌గా చేసింది. మన దగ్గర ఎవరూ సరిగ్గా పట్టించుకోనిది అలసంద వడ. నాలుగైదు గంటలు నానేసి, నీళ్లు పొయ్యకుండా కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేసి, బన్ను వెడల్పుకు సెంటీమీటరు మందాన తట్టి మధ్యస్థం మంట మీద వేయించాలి. మంట పెద్దదైతే పైన మాడి లోపల పచ్చి. నీళ్లు పోసి రుబ్బితే నూనె తాగుతుంది, కొరికితే కారుతుంది. పైన కరకర, లోపల మెత్తన, మాంసం కొరికినట్టే ఉంటుంది. దాని మీద సాసులు వద్దు, శెనక్కాయల ఊరుబిండి (వేరుశెనగ పచ్చడి) రెండు స్పూన్లు.

బన్ను మాస్టర్:
ఊరుబిండి నేరుగా వేస్తే ఎండిపోయి బన్నుకు అతుక్కుంటుంది అక్కా. గట్టి పెరుగు ఒక స్పూను కలిపి జారుగా చేసుకోవాలి, లేకపోతే బన్ను కోసిన వైపు శెనక్కాయ నూనె రాసి పెనం మీద కాల్చాలి. కాల్చని బన్ను ఏ బర్గర్‌లోనైనా ఐదు నిమిషాలకు ముద్ద. బేకరీ బన్నులో చక్కెర ఎక్కువ ఉంటుంది, తొందరగా మాడుతుంది, కాబట్టి మంట తగ్గించి 40 సెకన్లు.

"రాగి బన్" అని ఎక్కువ డబ్బు తీసుకునే చోట విరిచి చూడండి. రాగిలో గ్లూటెన్, అంటే పిండిని సాగేలా పట్టి ఉంచే జిగురు, లేదు. మైదాలో 20 శాతం దాకా కలిపితే బన్ను మెత్తగా ఉంటుంది, 30కి పోతే పగుళ్లు. రాగి పిండిని ముందే వేడి పాలల్లో సంగటికి గెలికినట్టు గెలికి, చల్లారినాక కలిపితే 30 కూడా నిలబడుతుంది. నిజమైన రాగి బన్నులో సన్నటి నల్ల చుక్కలు, కొంచెం మట్టి వాసన ఉంటాయి. చుక్కలు లేకుండా చాక్లెట్ రంగు ఒకేరీతిగా ఉంటే అది రంగే.

ఎస్వీయూ హాస్టల్:
నాటుకోడి బర్గర్ అని పెడుతుంటారు కదా, అది గట్టిగా ఉండేది ఎందుకు?

ఖీమా లెక్క:
నాటుకోడిని ఖీమా కొట్టి ప్యాటీ చేస్తే నారే మిగులుతుంది. కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఎముకల నుంచి చీల్చి, ఆ పులుసులోనే దగ్గరికి ఇగరబెట్టి బన్నులో నింపాలి. అయోవా రాష్ట్రంలో 1926 నుంచి ఉన్న మెయిడ్-రైట్ చెయిన్‌ది ఇదే దారి. ప్యాటీ కట్టరు, పొడిపొడిగా ఉండే ఉడికిన మాంసం చెంచాతో బన్నులో వేస్తారు. ఫ్రై చికెన్ బర్గర్ అయితే తొడ మాంసం అడగండి, రొమ్ము మాంసం ఆరిపోతుంది. మజ్జిగలో మాంసం బరువుకు ఒకటిన్నర శాతం ఉప్పుతో ఆరేడు గంటలు నానాలి.

కరకంబాడి రోడ్డు:
నూనె సంగతి?

దోసె పెనం:
పదే పదే మరిగిన నూనెకు చట్టమే హద్దు పెట్టింది. నూనె మరిగేకొద్దీ అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై 1 నుంచి ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నిబంధన. కళ్లకు కనిపించే గుర్తులు: ముదురు రంగు, ప్యాటీ వేయగానే పొంగే నురగ, తిన్నాక గొంతులో గీర. బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ సంస్థ సైటులో కొడితే ఎవరి పేరు మీద, ఏ అడ్రసులో ఉందో వస్తుంది. ఒకే బోర్డు కింద ఐదు షాపులు ఐదు వేరే పేర్ల మీద ఉంటే, ఫ్రాంచైజీ అమ్ముకున్నారేమో అని అనుమానించండి. ఎవరి కొనుగోలు వాళ్లదైతే బన్ను ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా.

సరే, అలసంద వడ బర్గర్ ఉంటే 70 కిలోమీటర్లకు నేనూ ఒప్పుకుంటా. కానీ సాయంత్రం ఆరు దాటినాక పోయి "పిండి ఉందా?" అని అడగండి. రుబ్బేవాళ్లకు అయిపోతుంది. ఫ్రీజర్ వాళ్లకు ఎప్పుడూ అయిపోదు.

కరకంబాడి రోడ్డు:
అంత దూరం పోయినాక అయిపోయిందంటే ఏం తినాలన్నా?

తిరుచానూరు శాకం:
పోయే ముందు ఫోన్ చేసి ఒక ప్లేటు పిండి తీసి పెట్టమనండి. ఉప్పు మాత్రం అప్పుడే కలపొద్దని చెప్పండి, ముందే కలిపితే నీళ్లు వదులుతుంది.