ప్లాస్టిక్ పడవకు ట్రాన్స్‌డ్యూసర్ ఎలా బిగించాలి?

నమస్కారం అండి. ఉండేది ఉప్పల్‌లో. సెలవు దొరికితే సాగర్ వైపు వెళ్లి గాలం వేస్తుంటాను. ఈమధ్య పదడుగుల పాలిథిలిన్ పడవ, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫిష్ ఫైండర్ (నీటి లోతు, చేపల జాడ చూపించే పరికరం) కొన్నాను. చిక్కంతా దాని ట్రాన్స్‌డ్యూసర్‌తోనే, అంటే నీళ్లలోకి ధ్వని తరంగాలు పంపి తిరిగొచ్చేవి పట్టుకునే భాగంతోనే.

పడవకు రంధ్రం వేసే ధైర్యం లేక లోపల, అడుగు భాగానికి ఎపాక్సీ జిగురుతో అంటించాను. రాణిగంజ్‌లో షాపాయన "రాయిలా పట్టేస్తుంది" అన్నాడు. రెండో ట్రిప్పుకే బిళ్లలా ఊడి చేతికొచ్చింది! పాలిథిలిన్‌కు మామూలు జిగుర్లు సరిగా పట్టవని తర్వాత తెలిసింది. గరుకు కాగితంతో రుద్దినా ఇంతేనా? మంట చూపించి అంటిస్తే పడుతుందంటున్నారు, పడవ కరుగుతుందేమోనని భయం.

ఊడినప్పుడు పడవ లోపలే కాస్త నీళ్లు పోసి, దాన్ని అందులో పెట్టి చూస్తే లోతు చక్కగా చూపించింది. అంటే ప్లాస్టిక్ గుండా సిగ్నల్ పోతోంది, మధ్యలో గాలి బుడగ లేకపోతే చాలు. అందుకే ఫోమ్‌తో చిన్న గూడు చేసి, గ్రీజు నింపి అందులో కూర్చోబెడదామనుకుంటున్నా. పడవ ఉండేది మా డాబా మీద. మే నెల ఎండకు ఆ గ్రీజు నిలుస్తుందా?

లేదంటే వెనక పైపుకు కట్టి నీళ్లలోకి దించాలి. కానీ ఒడ్డు దగ్గర రాళ్లు, నాచు. ఇలాంటి పడవకు ఎవరైనా బిగించి ఉంటే ఏం వాడారో చెప్పండి.