పెరట్లో మూడు కోళ్లు పెట్టుకోవాలి: గూడు, పొట్టు, దాణా గురించి చెప్పండి

రెడింగ్, కొత్త సభ్యురాలు:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు. అద్దె ఇల్లే కానీ వెనక గార్డెన్ బాగా పెద్దది. పాప స్కూల్లో గుడ్లు పొదిగించి పిల్లలకు చూపించారట, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గోల. మూడు పెట్టలు తెచ్చుకుందామనుకుంటున్నాం. అవి రాకముందే గూడు, కింద పరిచే పొట్టు, దాణా అన్నీ సిద్ధం చేసి పెట్టుకోవాలని నా ఉద్దేశం. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. పెంచినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఓనర్‌ని అడిగాం, పర్లేదన్నారు.

మిల్టన్ కీన్స్:
గూడు సంగతి తర్వాత చూద్దాం అమ్మాయ్, ఓనర్ పర్లేదన్నది నోటితోనా, రాతలోనా? అది చెప్పు ముందు. మేం అద్దెకున్నప్పుడు మా ఓనర్ స్వయంగా వచ్చి కోళ్లను చూసి ముచ్చటపడి అర డజను గుడ్లు పట్టుకెళ్లినవాడే. తర్వాత ఇంటి వ్యవహారం మొత్తం ఒక లెట్టింగ్ ఏజెన్సీకి అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన కుర్రాడు కిచెన్ కిటికీలోంచి గార్డెన్‌లోకి చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు, టీ తాగుతావా అంటే వద్దన్నాడు, వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఉత్తరం. అగ్రిమెంట్‌లో పెట్స్ వద్దని ఉంది, రెండు వారాల్లో తీసెయ్యండి, లేదంటే డిపాజిట్‌లో కోత అని.

నేను ఊరుకుంటానా. 1950 అలాట్‌మెంట్స్ చట్టం సెక్షన్ 12 ప్రింట్ తీసి పంపించాను. పేరు చూసి అది అలాట్‌మెంట్ తోటలకే, అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న జాగాలకే అనుకుంటారు అందరూ, కాదు. లీజులో, అగ్రిమెంట్‌లో ఏం రాసి ఉన్నా సరే, ఆ స్థలంలో ఉంటున్నవాళ్లు వ్యాపారానికి కాకుండా పెట్టల్ని, కుందేళ్లని పెంచుకోవచ్చు, గూడు కట్టుకోవచ్చు అని స్పష్టంగా ఉంది. ఆరోగ్యానికి హాని, ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండకూడదు, అంతే. ఏజెన్సీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా పక్కింటావిడ మా కోళ్ల వల్ల ఎలకలు వస్తున్నాయని కౌన్సిల్‌కి ఫోన్ చేసింది. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గూడు తలుపు తీసి, వంగి, తల లోపలికి పెట్టి వాసన చూశాడు. పొట్టు చేత్తో తీసి నలిపి చూశాడు, పొడిగా ఉంది. దాణా ఎక్కడ పెడతారన్నాడు, మూత ఉన్న రేకు డబ్బా చూపించాను. తర్వాత కంచె మీదుగా అవతలికి చూస్తే ఆవిడ పిచ్చుకలకని వేలాడదీసిన వేరుశనగల కింద నేలంతా పలుకులే. ఆయన ఏమీ అనలేదు, నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. కేసు అక్కడితో సరి.

అయినా చివరికి ఏమైంది? అప్పట్లో సెక్షన్ 21 ఉంది కదా, కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసు ఇచ్చేశారు. చట్టం నా వైపు, ఇల్లు వాళ్ల వైపు. అందుకే చెప్తున్నా, ఈమెయిల్‌లో రాయించుకో.

లెస్టర్:
బాబాయ్ గారూ, ఆ అమ్మాయి అడిగింది గూడు గురించి. మీ ఏజెన్సీ కథ ఈ లిస్టులో అందరికీ కంఠతా వచ్చు. చెల్లెమ్మా, పెద్ద టెన్షన్ ఏం లేదు. యాభై కోళ్లు దాటితేనే గవర్నమెంట్‌కి చెప్పాలి, మూడింటికి ఎవరూ అడగరు. పుంజుని మాత్రం తేవద్దు, తెల్లవారుజామున కూస్తే వీధి వీధంతా కంప్లయింట్ ఇస్తుంది. గుడ్లు పెట్టడానికి పుంజుతో పని లేదు, అది చాలామందికి తెలీదు.

కార్డిఫ్:
అన్నా, యాభై అన్నది పాత మాట. 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో, ఇక్కడ వేల్స్‌లో కూడా ఒక్క కోడి ఉన్నా రిజిస్టర్ చేయాల్సిందే. ఏపీహెచ్‌ఏ అని జంతు ఆరోగ్య సంస్థ ఉంది కదా, వాళ్ల దగ్గర. కోళ్లు వచ్చిన నెల లోపు చేయాలి, డబ్బులేం కట్టక్కర్లేదు. స్కాట్లండ్‌లో ఇంకో నెల ముందే మొదలైంది. బర్డ్ ఫ్లూ వస్తే చుట్టుపక్కల ఎవరి దగ్గర కోళ్లున్నాయో వాళ్లకి తెలియాలిగా.

లెస్టర్:
సరే, మారిందన్నమాట. మా దగ్గర కోళ్లు ఉన్నప్పుడు లేదు.

స్విండన్:
నేను చెప్తా తల్లీ, వీళ్లని ఇలాగే వదిలేస్తే నీ కోళ్లు ముసలివైపోతాయి.

ముందు పైకప్పు గురించి ఆలోచించు, గూడు రంగు గురించి కాదు. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు హౌసింగ్ ఆర్డర్ అని ఇస్తారు, అది మనకి వర్తిస్తే ఇక కోళ్లని బయట గడ్డిలోకి వదలకూడదు. 2022 నవంబర్ 7న ఇంగ్లండ్ మొత్తానికి పెట్టినది 2023 ఏప్రిల్ 18 దాకా తియ్యలేదు. చలికాలమంతా అవి ఆ చిన్న జాగాలోనే. కాబట్టి గూటికి ఆనుకుని కోళ్లు తిరిగే జాలీ గది, అదే రన్, పెద్దదిగా, పైన రేకో ప్లాస్టిక్ షీటో వేసి ఉండాలి. అడవి పక్షుల రెట్ట లోపల పడకూడదు, పక్కలకి జాలీ కన్ను 25 మిల్లీమీటర్లు మించకూడదు. కోడికి ఒక చదరపు మీటరు అనేది అతి తక్కువ, నీకు చోటుందంటున్నావు కదా, రెట్టింపు వేసుకో. అమ్మేవాళ్లు ఆరు కోళ్ల గూడు అన్నారంటే అది మూడింటికి సరిపోతుందని అర్థం.

జాలీ కొనేటప్పుడు చికెన్ వైర్ అని షట్కోణం కన్నుల పల్చటి తీగ ఉంటుంది, అది కోడిని లోపల ఉంచుతుందేగానీ నక్కని ఆపదు, నక్క పళ్లతో కొరికి లాగేస్తుంది. వెల్డ్ మెష్, అంటే తీగలు ఒకదానికొకటి అతికించిన గట్టి జాలీ కొను. అడుగున బయటివైపుకి ఒక అడుగున్నర వెడల్పున నేల మీద పరిచి పైన రాళ్లు పెట్టు. నక్క గోడ పక్కనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తట్టదు. ఎలకలు కూడా రాకూడదంటే కన్ను 13 మిల్లీమీటర్లు ఉండాలి. ఊళ్లో నక్కలు పట్టపగలే తిరుగుతాయి, చూస్తూనే ఉంటావు.

గూడు లోపల పెర్చ్ కర్ర, అంటే కోళ్లు రాత్రి ఎక్కి పడుకునేది, అంచులు గుండ్రంగా చేసింది, కోడికి ఓ జానెడు చొప్పున. అది గుడ్లు పెట్టే పెట్టె కంటే ఎత్తులో ఉండాలి, ఎందుకంటే కోళ్లు ఉన్నవాటిలో ఎత్తైన చోటే పడుకుంటాయి, పెట్టె ఎత్తులో ఉంటే అందులోనే పడుకుని రాత్రంతా రెట్ట వేస్తాయి, పొద్దున గుడ్లు దాంట్లోనే. మూడింటికి ఒక పెట్టె చాలు. గాలి రంధ్రాలు వాటి తల కంటే పైన ఉండాలి. చలి అని కన్నాలన్నీ మూసేయకు. చలి కోడిని చంపదు, చెమ్మ చంపుతుంది.

మిల్టన్ కీన్స్:
చెక్కది వద్దు, ప్లాస్టిక్ గూడు కొను. రెడ్ మైట్ అనే సన్నటి పురుగు ఒక్కసారి పట్టిందంటే చెక్క గూడు తగలబెట్టుకోవడమే.

లెస్టర్:
ప్లాస్టిక్ గూడు రేటు కూడా చెప్పండి మరి. కొత్తగా వచ్చినవాళ్లకి అంత పెట్టమని చెప్తే ఎలా? చెక్కదే అయినా చూసుకుంటే పట్టదు. పట్టినా కడిగితే పోతుంది.

మిల్టన్ కీన్స్:
కడిగితే పోదు నాయనా. పగలు చెక్క సందుల్లో, పైకప్పు మీద వేసే ఫెల్ట్ కింద దాక్కుంటాయి, రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. అందుకే ఎవరో ఫ్రీగా ఇస్తున్నారని పాత చెక్క గూడు తెచ్చుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు.

స్విండన్:
ఇద్దరి మాటా కొంత నిజమే. చెక్కది కొంటే ఫెల్ట్ లేని కప్పు ఉన్నది చూడు, పెర్చ్ చేత్తో పైకి ఊడొచ్చేలా ఉండాలి. వేసవిలో వారానికోసారి చీకటి పడ్డాక తెల్ల టిష్యూతో పెర్చ్ కర్ర చివర్ల కింద తుడిచి చూడు. ఎర్రటి చారలు పడితే అవి ఉన్నట్టే. వేడిలో వారం రోజుల్లో ఒక తరం అయిపోతుంది, ఆ రోజే పని మొదలుపెట్టాలి, వీకెండ్ దాకా ఆగకూడదు.

రెడింగ్, కొత్త సభ్యురాలు:
అక్కా చాలా థాంక్స్. బాబాయ్ గారూ మీకు కూడా. కింద ఏం పరవాలి? ఎండుగడ్డి పరిస్తే సరిపోతుందా?

స్విండన్:
ఎండుగడ్డి, అంటే హే, వద్దు. చెమ్మకి బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంపపు పొట్టు కూడా వద్దు, సన్నటి దుమ్ము. దుమ్ము తీసిన చెక్కపొట్టు, చిత్రిక పట్టినప్పుడు రాలే పల్చటి పొరల్లా ఉంటుంది, గుర్రాలకి అమ్ముతారు, పెద్ద బేల్ తెచ్చుకో. హెంప్ అనే మొక్క కాడల్ని తరిగి చేసింది, హెంప్ బెడ్డింగ్ అని వస్తుంది, రేటెక్కువ కానీ చెమ్మ బాగా పీలుస్తుంది, నేను అదే వాడతా. స్ట్రా, అంటే గోధుమ లాంటి పంట కోశాక మిగిలే ఎండు కాడలు పరిచేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు, చెమ్మ అంతగా పీల్చదు, ఆ బోలు కాడల్లో మైట్లు దూరతాయి. రన్‌లో నేల బురద కాకుండా చెక్క ముక్కలు వెయ్యి, చెట్టు బెరడు మాత్రం వద్దు, మళ్లీ బూజే.

పెర్చ్ కింద ఒక పలక పెట్టుకుని పొద్దున్నే గీకేస్తే సగం పని తప్పుతుంది, అవి వేసే రెట్టలో చాలాభాగం రాత్రి పెర్చ్ మీదే. పొట్టు మార్చాలో వద్దో తెలియాలంటే కోడి తల ఎత్తుకి వంగి పీల్చి చూడు. ముక్కు మండితే అప్పటికే ఆలస్యమైనట్టు.

స్లౌ:
దాణా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. గుడ్లు పెట్టే కోళ్ల దాణాకి లేయర్స్ పెల్లెట్స్ అని సంచి మీద ఉంటుంది, ప్రోటీన్ 16 శాతం. కోడికి రోజుకి 120 నుంచి 130 గ్రాములు, మూడింటికి 20 కిలోల సంచి రెండు నెలల కంటే కాస్త తక్కువే వస్తుంది. ఒకటే కొను, నిల్వ పెట్టుకోకు. నువ్వు తెచ్చేవి గుడ్లకొచ్చిన పెట్టలైతేనే ఇది. పదహారు వారాల లోపు పిల్లలకి గ్రోయర్స్ అని ఎదిగే కోళ్ల దాణా పెట్టాలి, లేయర్స్‌లో కాల్షియం ఎక్కువ, చిన్నవాటి కిడ్నీలు దెబ్బతింటాయి. రెండు చిన్న గిన్నెలు వేరే పెట్టు. ఒకదాంట్లో గ్రిట్, అంటే గట్టి రాతి నలుసులు, పళ్లు లేవు కాబట్టి కందనకాయలో గింజలు నలగడానికి. ఇంకోదాంట్లో ఆల్చిప్పల పొడి, గుడ్డు పెంకు గట్టిపడటానికి. రెండూ దాణాలో కలపొద్దు, ఎంత కావాలో వాటికి తెలుసు. మొక్కజొన్న, గోధుమల మిక్స్ సాయంత్రం ఒక గుప్పెడు చాలు, ఎక్కువైతే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. రాత్రి దాణా గిన్నె లోపల పెట్టెయ్యి, ఎలకల గొడవే ఉండదు.

లెస్టర్:
మేమైతే మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు వేసేవాళ్లం, బ్రహ్మాండంగా తినేవి. మనవాళ్లు ఎప్పుడైనా సంచి దాణా పెట్టారా కోళ్లకి?

కార్డిఫ్:
అన్నా, మళ్లీ! ఈ దేశంలో వంటింట్లోంచి వచ్చింది ఏదీ కోళ్లకి వెయ్యకూడదు, పెంపుడు కోళ్లకి కూడా. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చింది కదా, నార్తంబర్లాండ్‌లో ఒక పందుల ఫారంలో సరిగా ఉడికించని ఎంగిలి మేత దగ్గర మొదలైందని తేల్చారు, 60 లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. అప్పట్నుంచి గట్టిగా పట్టుకున్నారు.

లెస్టర్:
మేం పూర్తి శాకాహారులం తమ్ముడూ, మాంసం గడప తొక్కదు. మాకెందుకు వర్తిస్తుంది?

కార్డిఫ్:
పెరుగు తింటారా? నెయ్యి వాడతారా? వీగన్ ఇల్లు, అంటే పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్ల ఇల్లయితేనే మినహాయింపు. మీ ఫ్రిజ్‌లో పాలు ఉన్నంతకాలం ఆ క్యారెట్ తొక్క చట్టం దృష్టిలో కిచెన్ వేస్టే.

లెస్టర్:
ఇది మరీ విడ్డూరం. క్యారెట్ తొక్కకి పెరుగేం చేసింది.

స్లౌ:
విడ్డూరమే కానీ రూల్ అది. అమ్మాయ్, పాలకూరో క్యాబేజీయో గార్డెన్‌లో కోసి వంటింట్లోకి తేకుండా నేరుగా కోళ్లకి వెయ్యి, ఏ గొడవా లేదు. ఉడకని చిక్కుడు, రాజ్మా గింజలు, అవకాడో, చాక్లెట్ దగ్గరికి రానీకు. ఇవి రూల్ కోసం కాదు, విషం.

లండన్, హారో:
అందరూ కొత్త పెట్టలే అంటున్నారు. బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ వాళ్ల దగ్గర ఫారాల్లోంచి తప్పించిన కోళ్లు ఇస్తారు, అవి ఇంకా గుడ్లు పెడతాయి. ఈకలు ఊడి చూడ్డానికి దీనంగా ఉంటాయి, మీ పాపకి ముందే చెప్పండి.

స్విండన్:
మంచి పనే, కానీ మొదటిసారికి ఆరోగ్యంగా ఉన్నవి తెచ్చుకుంటే నేర్చుకోవడం తేలిక.

రెడింగ్, కొత్త సభ్యురాలు:
ఓనర్‌కి ఈమెయిల్ పెట్టాను, ఓకే అని రిప్లై కూడా వచ్చింది. బాబాయ్ గారూ, దాన్ని ప్రింట్ తీసి పెట్టుకున్నాను. గూడు ప్లాస్టిక్‌దే కొందామంటున్నారు మావారు, జాలీ, కప్పు మేమే వేసుకుంటాం. పాపకి చెప్తే ముందు పేర్లు పెట్టేసింది. అక్కా, 13 మిల్లీమీటర్ల మెష్ మా దగ్గర షాపుల్లో దొరకట్లేదు.

మిల్టన్ కీన్స్:
ప్లాస్టిక్. నేను చెప్పలా.

స్విండన్:
మా షెడ్‌లో ఒక రోల్ మిగిలి ఉంది, మూడడుగుల వెడల్పుది. రన్ కొలతలు పంపించు, సరిపోతుందేమో చూసి చెప్తా. శనివారం వచ్చి తీసుకెళ్లండి, చేతులకి తోలు గ్లవ్స్ తెచ్చుకోండి, కోసిన అంచులు చేతులు చీరేస్తాయి.