అప్‌డేట్: బరంపురంలో యాచకులకు నేరుగా ఇవ్వాలా, సేవాసంస్థకు ఇవ్వాలా?

బరంపురం రైల్వే స్టేషన్ బయట కూర్చునే వృద్ధురాలికి రోజూ చిల్లర ఇవ్వడమా, ఆ సొమ్మును స్థానిక సేవాసంస్థకు ఇవ్వడమా అని ఇదివరకు అడిగాను. బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ముందు ఆమెకు పింఛను వస్తోందో లేదో కనుక్కోమన్న సలహాయే పనిచేసింది. సంస్థ కార్యకర్త విచారించగా, ఆమె చీరకొంగున ముడివేసుకున్న ఆధార్ కార్డులో వయసు తక్కువగా నమోదైనందువల్లే, 60 ఏళ్లు నిండిన నిరుపేదలకు ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛను అందలేదని తేలింది. దిద్దుబాటు జరిగి, ఇప్పుడు వస్తోంది. ఇచ్చిన చిల్లర యాచక ముఠాల చేతికి పోతుందేమోనన్న భయం, సంస్థకిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు రసీదు గురించి బదులుల్లో వచ్చిన చర్చ ఈ విషయంలో అక్కరకు రాలేదు. కార్యాలయాల చుట్టూ తిరిగే ఓపిక, ఒడియాలో అర్జీ రాసే నేర్పు సంస్థవారికే ఉన్నాయి కనుక విరాళం వారికే ఇస్తున్నాను. అయినా ఆకలితో చేయి చాచినవారిని కాదని పంపలేను. మధ్యాహ్నమైతే ఒడిశా ప్రభుత్వ చవక భోజనశాల అయిన ఆహార్ కేంద్రంలో 5 రూపాయలకు దొరికే అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు) తినిపిస్తాను. పిల్లలు అడుక్కుంటూ కనిపిస్తే మాత్రం పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.